చదును చేసిన నుదురు

చచ్చిపోయి ఏళ్లు గడిచిన గురువు బైరిన్ తాపీగా కూర్చుని రాతి మీద సిరా కడ్డీ నూరుతున్నాడు, అది చూస్తున్న కిసాకుకు ఒళ్లు మండిపోతోంది, ఎందుకంటే సిరా నూరడం శిష్యుల పని, ఎడో నగరంలోని ఈ ఇంట్లో పసివాడిగా అడుగుపెట్టిన నాటి నుంచి తన చేత నూరించిన సిరా అంతా సుమిద నదిలో పోస్తే నది నల్లగా పారేది. చాపల కింద నీళ్లు కదులుతున్నాయి, గోడ ఉండాల్సిన చోట పొగమంచు ఉంది, అయినా ఇద్దరికీ అదేమీ వింతగా లేదు.

"మా అమ్మ బొమ్మ ఏదండీ గురువుగారూ?"

"ఏ బొమ్మరా?"

ఏ బొమ్మట! గుడ్డలకు రంగులద్దే అమ్మ, నీలిమందు పట్టిన చేతులతో తనను ఈ గుమ్మంలో వదిలిన రోజున, "నా బిడ్డ మీద చెయ్యి పడిందో, ఊరుకోను" అని కనుబొమలు ముడిచి ఈ పెద్దమనిషినే నిలదీసింది, ఆ చలికాలంలోనే ఆవిడ చనిపోయింది. గురువు గీసిన పువ్వులూ పక్షులూ దిద్దీ దిద్దీ చేయి తిరిగాక కిసాకు మొట్టమొదట సొంతంగా గీసింది ఆ కోపపు ముఖాన్నే. గురువు మెచ్చుకుని, దాని మీద తన పేరు రాసుకుని, చెక్కేవాడికి పంపాడు. బొమ్మ కాగితాన్ని అచ్చు వేసే చెక్క పలకకు బోర్లా అంటించి కాగితంతో సహా చెక్కేస్తారు కనుక గీసింది మిగలదు, అచ్చులే మిగులుతాయి.

"నుదుటి మీద ముడి ఎందుకు తీయించారు?"

"కోపంగా ఉన్న ఆడదాన్ని ఎవడు కొంటాడురా? కాస్త చదును చేసి నవ్వు పెట్టించాను. ఎంత బాగా అమ్ముడుపోయిందని!"

"అందరి గోడల మీదా నవ్వే ఆ మనిషెవరో నాకు తెలీదు! మళ్లీ గీద్దామని కూర్చుంటే నా చేతికీ ఆ నవ్వే వస్తోంది. మా అమ్మ ముఖం నాకు గుర్తులేకుండా చేశారు!"

గురువు చిన్నబోతున్నాడు. "పలకకు చిత్రిక పట్టించి వేరే బొమ్మ చెక్కించానురా" అంటుంటే ఆయన చేతుల్లోంచి చెక్కపొట్టు రాలుతోంది, ఆగకుండా రాలుతోంది. "తీసుకో, ఇందులో ఎక్కడో ఉంటుంది."

కిసాకు రెండు గుప్పిళ్లతో పొట్టును ఎత్తి ఆయన ముఖాన కొడుతున్నాడు. "దొంగవి నువ్వు! చచ్చినా దొంగవే!" బతికుండగా ఆ మనిషిని ఒక్కసారి కూడా నువ్వు అని ఎరుగడు, ఇప్పుడు మాత్రం నోరు ఆగడం లేదు.

"ఏవండీ! పట్టపగలు ఎవరి మీదండీ ఆ అరుపులు?"

భార్య ఒమిత్సు భుజం పట్టి కుదుపుతోంది. గీస్తూ గీస్తూ కాగితం మీదే నిద్రపోయాడు, చెంపంతా సిరా. చూసుకోమని ఆమె నవ్వాపుకుంటూ తన కంచు అద్దం తెచ్చి ఎదురుగా పట్టింది. కిసాకుకు కోపం ఇంకా దిగలేదు. అద్దంలో రెండు కనుబొమలూ దగ్గరకొచ్చాయి, మధ్యలో నిలువుగా ముడి.

ఆమె అద్దం దించబోయింది.

"కదపకు" అన్నాడు కిసాకు, నుదురు సడలనివ్వకుండా కుంచె కోసం తడుముకుంటూ.