నన్ను చుట్టి పక్కన పెట్టిన రోజు

నేను ఒక జంపఖానాను. పరిచయం ఇంతకన్నా అక్కర్లేదు, మీలో నా మీద కూర్చోనివాళ్లు ఉండరు. పెళ్లిలో పప్పు ఒలికించింది మీరే, సభలో ఉపన్యాసం వినలేక నా దారాలు పీకింది కూడా మీరే. నేనేమీ అనలేదు. పడి ఉండడమే నా వృత్తి.

పుట్టింది వరంగల్లు కొత్తవాడలో, వీరస్వామి అనే నేతగాడి మగ్గం మీద. నీలి చారల ఒళ్లు, చుట్టూ జానెడు ఎర్ర అంచు. మగ్గం మీద ఉన్నంతసేపూ వీరస్వామి వచ్చేపోయేవాళ్లతో ముచ్చట్లు పెట్టేవాడు. అంచు పోగుల దగ్గరికి చెయ్యి వచ్చినప్పుడు మాత్రం నోరు మూసేవాడు. నన్ను కొనడానికి వచ్చిన ఉప్పలయ్యతో, "జంపఖానకు అంచే పానం. అంచు పోతె అంత పోయినట్టే" అన్నాడు. ఆ మాట విని నేను మురిసి ముక్కలయ్యాను. అప్పటి నుంచి నా అంచంటే నాకు వల్లమాలిన గర్వం.

ఉప్పలయ్య పిట్టలగూడెంలో టెంట్ హౌస్ నడుపుతాడు. తెచ్చీ తేగానే నా మూలన తెల్లరంగుతో 'ఉప్పలయ్య టెంట్ హౌస్' అని రాయించాడు. ఆయన అందరికీ కావాల్సినవాడు. ఈ పార్టీ సభకూ నన్నే పరిచాడు, ఆ పార్టీ సభకూ నన్నే పరిచాడు. ఒకరినొకరు తిట్టుకున్న రెండు నోళ్లనూ నేను ఒకే వీపు మీద మోశాను. ఎవరితోనూ పేచీ పెట్టుకోని ఉప్పలయ్యకు ఒక్క విషయంలోనే కోపం వచ్చేది. నన్ను ఎవరైనా ఒంటరిగా చుట్టారంటే ఊరుకునేవాడు కాదు. పెద్ద జంపఖానాను ఒక్కరు చుడితే వంకర పోతుంది. ఇద్దరు రెండు కొసలూ పట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ చుట్టాలి. పనివాళ్లకు ఈ సంగతి చెప్పీ చెప్పీ ఆయన గొంతు అరిగిపోయింది.

ఊళ్లో నన్ను ఎక్కడ పరిచినా నా అంచు చుట్టూ చెప్పులు విడుస్తారు. ఆ చెప్పుల వరసకు అవతల, వట్టి నేల మీద, మాదిగవాడ జనం కూర్చుంటారు. అక్కడ కూర్చోమని వాళ్లకు ఎవరూ చెప్పగా నేను వినలేదు. చెప్పకుండానే జరిగిపోయే పనులు ఊళ్లలో చాలా ఉంటాయి. మొదట్లో నా రంగు వాళ్లకు నచ్చలేదేమో అనుకున్నాను, పిచ్చి జంపఖానాను. ఊరివాళ్ల చెప్పులు నాకు జానెడు దూరంలో ఉంటే ఆ మనుషులు బారెడు దూరంలో ఉంటారని అర్థమైన రోజు నా మనసు చివుక్కుమంది. ముద్దుగా చూసుకున్న నా ఎర్ర అంచే వాళ్లకు గోడ అయింది.

ఊరికి పడమట పిట్టలగుట్ట ఉంది. సర్కారు భూమి. అక్కడి సీతాఫలం చెట్లను ఎవరూ నాటలేదు, వాటంతట అవే పెరిగాయి. మాదిగవాడ ఆడవాళ్లు కాయలు తెంపి రోడ్డు మీద అమ్ముకునేవాళ్లు. తండావాళ్లు కట్టెలు ఏరుకునేవాళ్లు, కురుమలు గొర్లను తోలుకెళ్లేవాళ్లు. తర్వాత గుట్టను వనం చేశారు. కంచె వచ్చింది, గేటు వచ్చింది, లోపల నడకదారీ ఉయ్యాలలూ వచ్చాయి. చూసుకోవడానికి ఊరిపెద్దలు ఒక కమిటీ వేసుకున్నారు. గేటు మీది బోర్డులో పెద్ద అక్షరాలతో 'ఈ వనం అందరిదీ' అని రాశారు. దాని కింద చిన్న అక్షరాలతో 'గంపలతో, గొడ్లతో లోనికి రారాదు' అని రాశారు. మనుషుల తెలివికి దండం పెట్టాలి. కులం పేరు ఎక్కడా లేదు, గంప ఉంది. ఊళ్లో నెత్తిన గంప ఎత్తుకునేది ఎవరో చిన్నపిల్లలను అడిగినా చెబుతారు.

మాదిగవాడ సారవ్వ భర్త పోయాక ఆ సీతాఫలాల మీదే ఇల్లు నడిపింది. ఒకరోజు గేటు దగ్గర కాపలావాడు ఆమె గంపను బోర్లించాడు. కాయలు రోడ్డు మీద పడి చితికిపోయాయి. ఆ ఏడు సారవ్వ ఇంటికి తాళం వేసి మిరప తోటల కూలికి వలసపోయింది. పని అయ్యాక తిరిగొచ్చింది గానీ, మళ్లీ కాయల కాలానికి గేటు తెరుచుకోకపోతే మళ్లీ వలసే.

గంప బోర్లించిన సంగతిని కళ్లారా చూసిన మనిషి ఇంకొకరున్నారు. రాజ్యలక్ష్మి మేడం. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయింది, కమిటీలో సభ్యురాలు, రోజూ ఆ నడకదారిలోనే నడిచేది. ఆ దృశ్యం ఆమెకు మింగుడుపడలేదు. కమిటీ నుంచి తప్పుకుంది. మాదిగవాడకూ తండాకూ కురుమల ఇళ్లకూ కాళ్లరిగేలా తిరిగి, 'గుట్ట అందరిది' అని ఒక ఐక్యవేదిక పెట్టింది. వేదిక పెట్టిన అర్జీ చూసి పైఆఫీసు నుంచి ఒక అధికారి వస్తానని కబురు చేశాడు. జనమంతా ఒక్క మాట మీద ఉంటే గేటు సంగతి చూస్తానన్నాడట. కమిటీ అధ్యక్షుడు ఈ మాట విని నవ్వాడు. ఒక్కచోట కూర్చోలేనివాళ్లు ఒక్క మాట మీద ఏం నిలబడతారు అన్నాడు.

అధికారి వచ్చే రోజు పొద్దున్నే గుట్ట కింద సభ పెట్టుకోవాలని, జంపఖానా కావాలని మేడం ఉప్పలయ్యను అడిగింది. ఉప్పలయ్యకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. అధ్యక్షుడి బిడ్డ పెళ్లికి టెంట్లన్నీ ఆయనే వేయాలి. కాదనడానికి నోరు రాలేదు, ఔననడానికి ధైర్యం చాలలేదు. చివరికి నన్ను ఇచ్చాడు, తన పేరు బయటికి రాకూడదన్నాడు. పరిచేటప్పుడు పేరున్న మూలను కిందికి మడిచి, తలకు తువ్వాల చుట్టుకుని, కాస్త దూరంలో ఆటోలో నక్కి కూర్చున్నాడు.

కంచెకు ఇవతల, గుట్ట వాలులో సభ మొదలైంది. ఊళ్లోంచి ధైర్యం చేసి వచ్చిన కొందరు నా నడిమధ్య కూర్చున్నారు. కురుమలు ఒక పక్కకు, తండావాళ్లు ఒక మూలకు చేరారు. నా చుట్టూ చెప్పుల వరస, దాని అవతల సారవ్వా ఆమె వాడ జనమూ. అలవాటు ఎంత మొండిదో చూడండి. సమానత్వం కోసం పెట్టుకున్న సభకు కూడా అది అందరికన్నా ముందే వచ్చి తన చోట్లో కూర్చుంది.

మేడం నా మీద వేసిన కుర్చీలో కూర్చుని చాలాసేపు బాగా మాట్లాడింది. మధ్యలో ఆమె చూపు చెప్పుల అవతలికి పోయింది. "సారమ్మా, పైకి రండి. ఏం కాదు, వచ్చి కూర్చోండి" అని ఎంతో ప్రేమగా పిలిచింది. ఆ పిలుపుకు నా మీద కూర్చున్నవాళ్లు జరిగారు. చోటు ఇవ్వడానికి ఎంత జరగాలో అంతకన్నా ఎక్కువే జరిగారు. ఒకరిద్దరికి ఇంటి దగ్గర పనులు గుర్తొచ్చాయి. కింద ఉన్నదాన్ని కదా, ఎవరు ఎందుకు జరిగారో నాకు తెలియదా?

సారవ్వ లేచి నిలబడింది. కోపంగా లేదు.

"మీరు రమ్మంటె వస్తం, పొమ్మంటె పోతం. మాకు గావాల్సింది గది గాదు మేడం. గుట్ట అందరిదన్నరు గద? మరి గుట్ట మీదనే కూసుందాం, అందరం. దీన్ని తీసేయుండ్రి."

అంటూనే వంగి నా కొస పట్టుకుని చుట్టడం మొదలుపెట్టింది. ఎవరూ లేవలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా అంత జంపఖానా ఒక ఆడమనిషి చేతులకు లొంగుతుందా? ఒక పక్క ముందుకు పోయింది, ఒక పక్క వెనకబడింది. ఆమె ఆపి మళ్లీ విప్పింది, మళ్లీ చుట్టింది, మళ్లీ వంకరే. చూస్తున్నవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు ఏడుపొచ్చింది. నా బరువును నేనే తిట్టుకున్నాను.

అప్పుడు ఆటో వైపు నుంచి పరుగెత్తుకుంటూ ఒక మనిషి వచ్చాడు. తువ్వాల దారిలో ఎక్కడో పడిపోయింది.

"అట్ల గాదు సారక్కా, వంకర పోతది. ఆ కొస నువ్వు పట్టు, ఈ కొస నేను పడ్త."

పెళ్లి టెంట్లన్నీ ఆ క్షణంలో ఉప్పలయ్య బుర్రలోంచి ఎగిరిపోయి ఉంటాయి. ఆయన పట్టుకున్నది మడిచిపెట్టిన మూలే. లాగగానే తెల్లటి అక్షరాలు అందరి కళ్ల ముందూ విప్పుకున్నాయి. సభ ఆయన వైపు చూసింది. ఆయన తన పేరు వైపు చూసుకున్నాడు. "నా పేరే. అయితే ఏంది?" అని మెల్లగా అన్నాడు. తర్వాత ఇద్దరూ అడుగులో అడుగు వేస్తూ చుట్టుకుంటూ వచ్చారు.

చుట్ట మీదికి వస్తుంటే కూర్చున్నవాళ్లు లేవక ఏం చేస్తారు? ముందు కురుమలు లేచారు, తర్వాత తండావాళ్లు, తర్వాత ఊరివాళ్లు. చివరికి చుట్ట మేడం కుర్చీ దగ్గరికి వచ్చింది. ఆమె లేచి, కుర్చీని తనే తీసి దూరంగా పెట్టి వచ్చింది. మోకాళ్ల నొప్పుల మనిషి, నేల మీద కూర్చోవడానికి పట్టు దొరకలేదు. సారవ్వ భుజం ఇచ్చింది. మేడం ఆ భుజం పట్టుకుని మెల్లగా కూర్చుంది, కూర్చున్నాక కూడా కాసేపు చెయ్యి తీయలేదు.

నేను లేకపోయేసరికి చెప్పుల వరస వట్టి నేల చుట్టూ వెర్రిగా మిగిలిపోయింది. దాని లోపలేదో, బయటేదో ఎవరికీ తెలియలేదు. దొరికిన చోట కూర్చున్నారు. నన్ను చుట్టి ఆటోకు ఆనించారు. నా జీవితంలో ఎన్నో సభలు మోశాను, పక్కన నిలబడి చూసింది అదొక్కటే. అంత సంతోషం నాకు ఎన్నడూ కలగలేదు.

మధ్యాహ్నానికి అధికారి వచ్చాడు. వాడకొకరు చొప్పున ముందుకు రమ్మన్నాడు. ఆయన అలవాటు ఆయనది. జనమంతా ఒక్కసారే లేచారు. మేడం గంజిపెట్టిన తెల్లచీరకూ సారవ్వ పాతచీరకూ కురుమల పంచెలకూ వెనక ఒకటే ఎర్రమట్టి. "వాడకొకరు లేరు సారు. అందరం గుట్టోళ్లమే" అంది సారవ్వ.

పని ఆ ఒక్క రోజుతో అయిపోలేదు. కమిటీ అడ్డం తిరిగింది, కాగితాలు అటూ ఇటూ తిరిగాయి. ఐక్యవేదిక చాలాసార్లు కూర్చుంది, రోజురోజుకీ కొత్తవాళ్లు వచ్చి చేరారు. నన్ను మాత్రం ఒక్కసారీ పిలవలేదు. సీతాఫలాలు పక్వానికొచ్చి కళ్లు విప్పే వేళకు బోర్డు మీది చిన్న అక్షరాలకు రంగు పూశారు, గేటు తెరిచారు. సారవ్వ ఆ ఏడు ఇంటికి తాళం వేయలేదు. ఇప్పటికీ ఆమె ఎదురొస్తే నడకదారిలో పక్కకు తప్పుకునేవాళ్లు ఉన్నారు, లేకపోలేదు. కానీ ఆమె దారి మారదు.

ఉప్పలయ్యకు పెళ్లి టెంట్ల బేరం పోయింది. ఐక్యవేదికలో ఎందుకు చేరావని అడిగితే, "వంకరగ చుడుతుంటె చూస్కుంట కూసుంటనా?" అంటాడు. చేసిన మంచిపనిని ఒప్పుకోవడానికి మనుషులకు అదేం సిగ్గో.

నేను ముసలిదాన్నయ్యాక ఆయన నన్ను సారవ్వకిచ్చాడు. ఇప్పుడు గుట్ట మీదే ఉంటాను. చెట్ల కింద పరిచి నా మీద కాయలు పోస్తారు. పొద్దున నడకకు వచ్చిన మేడం అలసిపోతే సారవ్వ పక్కనే నా మీద కూర్చుని, చితికిన కాయ ఒకటి చేతిలోకి తీసుకుంటుంది. ముళ్లకూ రాళ్లకూ నా ఎర్ర అంచు పోగుపోగుగా ఊడిపోయింది. వీరస్వామి చూస్తే నెత్తి కొట్టుకుంటాడు. అంచు పోతే అంతా పోతుందన్నాడు పాపం. అంచు పోయింది. నేనెక్కడ అయిపోతానో, గుట్ట ఎక్కడ మొదలవుతుందో చూసుకోకుండా జనం వచ్చి కూర్చుంటున్నారు.