దేవరెద్దుకు ఇనుము

రెండో రోజు మధ్యాహ్నమైనా దేవరెద్దు ఉచ్చ పోయలేదు. తోక ఎత్తి, నడుము వంచి, కళ్లు తేలేసి ముక్కుతోంది. అంత యాతనా పడితే రాలేది నాలుగు చుక్కలు, అవీ ఎర్రగా. వెనక కాలితో పొట్టను తన్నుకుంటుంటే ఓబమ్మ దూరం నుంచే చూస్తోంది.

ఎద్దు ఊరి దేవుడిది. దాన్ని సాకే హక్కు ఓబమ్మ మొగుడు కొండప్పది. హక్కు పేరుకే ఆయనది. పేడ ఎత్తేదీ, దొడ్డి ఊడ్చేదీ, ఊరవతల బోరు నుంచి బిందెలతో నీళ్లు మోసేదీ ఓబమ్మే. ఎద్దును మాత్రం ఆడది ముట్టకూడదు, మైల. పేడ ఎత్తితే అంటని మైల వీపు నిమిరితే ఎట్లా అంటుతుందో పన్నెండేళ్లుగా ఆమెకు అర్థం కాలేదు. అడగనూ లేదు.

కుందుర్పి నుంచి వచ్చిన పశువుల డాక్టరు తిప్పేష్ చేయి పెట్టి చూసి, ఉచ్చసంచి కుండలా ఉబ్బిందన్నాడు. లోపల రాయి పుట్టి దారికి అడ్డం పడిందట. ఏం మేపుతున్నారని అడిగాడు. ఏం మేపుతారు పాపం! మొక్కుకున్న ప్రతివాడూ తవుడూ బెల్లమూ తెచ్చి నోటికందిస్తాడు. దేవరెద్దయ్యాక పచ్చిగడ్డి మొహమే చూడలేదు. నీళ్లా, పూటకొక బకెట్టు. భక్తి కొద్దీ పెట్టిన తవుడే రాయి అయిందని డాక్టరు చెప్పేసరికి అక్కడున్నవాళ్ల మొహాలు మాడిపోయాయి.

తోక కింద చిన్నగా కోసి ఉచ్చకు వేరే దారి పెట్టాలన్నాడు. ఆలస్యమైతే సంచి పగులుతుంది. పగలగానే నొప్పి తగ్గి పశువు తేరుకున్నట్టే ఉంటుంది గానీ, ఆ తర్వాత బతకదని కూడా చెప్పాడు.

పూజారి పుల్లన్న ససేమిరా అన్నాడు. కత్తి ఇనుము మైల, అది తగిలిన ఎద్దు దేవరది కాదు, పొట్టమీద మూడు వాతలు వేస్తే చాలు అన్నాడు. తుమ్మకంపతో మంట వేయించి ఇనుప కడ్డీ అందులో పెట్టించాడు. ఎదురు చెబితే సాకేవాణ్ణి మారుస్తామన్నాడు. దేవర మాన్యం మూడెకరాలూ సాకేవాడి చేతికిందే ఉంటుంది మరి. కొండప్ప వెనక్కి తగ్గాడు.

ఓబమ్మకు దీనికి ముందు దేవరెద్దుగా ఉండి పోయిన ఏడు చచ్చిన ఎద్దు కళ్లముందు నిలిచింది. ఇదే జబ్బు, ఇవే వాతలు. మూడో వాత పడ్డాక కాసేపటికి అది నిమ్మళంగా నిలబడితే, దేవర కరుణించాడని టెంకాయలు కొట్టారు. మూడో రోజు పొట్ట ఉబ్బి చచ్చింది. ఆ నిమ్మళం దేనిదో ఆమెకు ఈరోజే తెలిసింది. ఆ టెంకాయ ముక్కలు తన చేత్తోనే పిల్లలకు పంచింది! ఒళ్లు మండిపోయింది.

పగ్గం పట్టుకోండయ్యా అని డాక్టరు రెండుసార్లు అడిగాడు. పదిమంది మగవాళ్లలో ఒక్కడూ కదల్లేదు. పుల్లన్న కడ్డీ చివర గుడ్డ చుట్టి పైకి తీశాడు. ఓబమ్మ అడ్డం వచ్చి నిలబడింది.

"ఏమప్పా పుల్లన్నా, అది ఇనుము కాదా?"

"మంటలో కాలింది. దీనికి మైల లేదు."

"ఆ సారు కత్తిని ఉడుకునీళ్లల్లో ఏసినాడు, నేను చూసినా. నువ్వు కాలిస్తే మైల పాయ, ఆయప్ప ఉడకేస్తే పోలేదా? పోయినేడు ఇట్లే కాలుస్తా కూకొని దాన్ని సంపితిరి. దీన్ని సంపనీను."

"మాన్యం పోతాది."

"పోనీ. కూలికి పోతాం."

కొండప్ప వద్దులేమే అన్నాడు. ఓబమ్మ విననట్టే వెళ్లి పగ్గం అందుకుంది. పన్నెండేళ్లలో మొదటిసారి. ఎద్దు బెదిరి తల విదిల్చింది. అరచేయి ఒరుసుకుపోయినా ఆమె వదల్లేదు. రెండో చేయి దాని మెడమీద వేసి గట్టిగా అదిమింది. ఎద్దు ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది.

గుంపు రెండడుగులు వెనక్కి జరిగింది. డాక్టరు తోక దగ్గర మత్తుసూది వేసి, కత్తి తీసి, ఒకసారి పుల్లన్న చేతిలోని కడ్డీ వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు.

"కోయి సారూ," అంది ఓబమ్మ. "నేను పట్టుకున్నా."