కంచె అవతలి పువ్వు

తెల్లారినప్పటి నుంచీ అక్క మోకాళ్ళ మీద పాకుతూనే ఉంది. చేలో ఆ మూల, తీగ కంచె లోపల, గడ్డి ఏపుగా పెరిగింది. నీలం పువ్వు మాత్రం ఒక్కటీ లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే మళ్ళీ వెతకాలనిపిస్తోంది.

గోధుమ చేలల్లో కలుపుగా మొలిచే ఆ మొక్క మిగతా చోట్ల మందులకు మాడిపోయి, చివరికి తమ్ముడి పొలంలోనే మిగిలింది. మొక్కల పరిశోధనశాలలో పనిచేసే అక్క పట్టుబట్టి కంచె వేయించింది. లోపల దున్నకూడదు, మందు కొట్టకూడదు. దున్నకపోతే అది మొలవదని తమ్ముడు అన్నాడు. నువ్వా నాకు మొక్కల గురించి చెప్పేది అని అక్క ఇంతెత్తున లేచింది. ఆ రోజు నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. మూడేళ్ళయింది. ఇద్దరూ ఇద్దరే, మొండిఘటాలు.

మొదటి ఏడాది నలభై మొక్కలు, రెండో ఏడాది ఆరు. ఇప్పుడు సున్నా. రేపు పై అధికారి వచ్చి, ఇక్కడ కూడా అంతరించిపోయిందని రాసుకుపోతాడు. ఆలోపు ఒక్కటైనా దొరక్కపోతుందా అని గడ్డి పాయలు తీసి మళ్ళీ వెతుకుతోంది.

ఇంతలో ట్రాక్టరు చప్పుడైంది. తమ్ముడు కలుపుమందు కొడుతూ వస్తున్నాడు. చిరాగ్గా తలెత్తిన అక్క అలాగే ఉండిపోయింది. కంచె అవతల, బారెడు దూరంలో, ఏటా నాగలి మళ్ళే చోట నీలం పువ్వులు విచ్చుకుంటున్నాయి. ఒకటీ రెండూ కాదు. బయటంతా మందు కొడతారు, అక్కడేముంటుందిలే అని ఆమె ఏనాడూ అటు చూడనే లేదు.

కంచె దూకింది. చెయ్యి గీరుకుపోయినా ఆగలేదు. ట్రాక్టరుకు అడ్డంగా చేతులు చాచి నిలబడింది.

తమ్ముడు ఇంజను ఆపి దిగాడు. ట్రాక్టరు వెనక మందు చల్లే గొట్టంలో, కంచె వైపున్న కొస చూపించాడు. దానికి మూత బిగించి ఉంది.

"ఈ అంచున మందు కొట్టి మూడేళ్ళయిందక్కా."

"మరి ఇక్కడున్నాయని చెప్పవేం?"

"నువ్వు నాతో మాట్లాడితేగా."

అక్కకు సిగ్గుతో మొహం వేడెక్కింది. ఇంత చదివీ, మట్టి తిరగబడితేనే ఆ విత్తనం లేస్తుందన్న సంగతి బుర్రకెక్కలేదు.

"కోతలవగానే కంచె పీకేసి ఆ మూల కూడా దున్ను," అంది నేల చూపులు చూస్తూ. "నువ్వు చెప్పిందే నిజం."

"ఇంజను మోతలో వినపడలేదు, మళ్ళీ చెప్పు."

ఇంజను ఆగి చాలాసేపయింది. అక్క మళ్ళీ చెప్పింది, ఈసారి గట్టిగా.