మార్చి మూడు ఎవరిది?

బిర్సానగర్‌లోని ఆ ఇంట్లో ధనమ్మ మాటకి ఎదురు లేదు. మార్చి మూడున పుట్టినరోజు పండగలు కుదరవన్నదీ ఆవిడే. రైల్వేలో పనిచేసిన ఆవిడ భర్త గణపతిరావు పోయింది ఆ తారీఖునే. ఆ ఉక్కు ఊరికి మూలపురుషుడైన టాటాగారి జయంతికి ఊరు ఊరంతా దీపాలు పెట్టుకుని వెలిగిపోతుంటే ఈ ఇంట్లో తద్దినం. మరుసటి ఏడు సరిగ్గా అదే తారీఖున మనవరాలు కల్యాణి పుట్టింది. పిల్లకి ఇంకో రోజే దొరకలేదా అని ధనమ్మ అప్పట్లో సణిగింది కూడా.

తద్దినం తిథిని బట్టి పెట్టాలని తెలియని మనిషి కాదు. కానీ కొడుకు ఆదిబాబుది కాంట్రాక్టు పని. తిథంటే ఏటా కొత్త తారీఖుకి సెలవడగాలి. "మీ నాన్న ఏడాదికో తారీఖున పోతాడా?" అని సూపర్‌వైజరు ఒకసారి నవ్వాడట. దాంతో మూడో తారీఖే ఖాయం చేసేశారు.

ఈసారి బడిలో ఆ రోజు విశేషాలు చెప్పే పని కల్యాణికి పడింది. ముందురోజు సాయంత్రం వంటింటి గడప దగ్గర కూర్చుని హిందీలో వల్లిస్తోంది. టాటాగారు పుట్టారు, టెలిఫోను కనిపెట్టిన బెల్ పుట్టాడు, మా తాత చనిపోయాడు. అక్కడితో ఆపేసింది.

"మరి నువ్వో? నువ్వూ ఆ రోజే పుట్టేవు కదే," అంది ధనమ్మ బియ్యం ఏరుతూ.

"వో తో తాత కా దిన్ హై నా, మామ్మా." అది తాత రోజు కదా అని. అలకా లేదు, ఏడుపూ లేదు. అదే ధనమ్మకి గుచ్చుకుంది. పేచీ పెట్టే పిల్లయితే కసిరి నోరు మూయించేది. తన రోజుని తనే వదిలేసుకున్న పిల్లని ఏమనగలదు?

ఆదిబాబు డ్యూటీ నుంచి రాగానే పట్టుకుంది. "పంతులుగారికి ఫోన్ సేసేను. మీ అయ్య తిథి వచ్చీవారం. ఆ రోజుకి సెలవడుగు."

"ఇప్పుడు కొత్తగా ఏటమ్మా? ఇన్నేళ్ళూ జరిగిపోనేదా?"

"ఇన్నేళ్ళూ మనం పిలిసిన రోజున ఆయన వచ్చేడో నేదో. ఈ పిల్ల మాత్రం ఇంట్లోనే ఉంది."

అనేసిందే గాని, ఆ తారీఖు వదులుకోవడానికి మనసొప్పలేదు. ఊరంతా దీపాలు పెట్టే రోజున పోయాడు, మహారాజు అని ఇన్నాళ్ళూ లోలోపల మురిసిన మనిషి.

మూడో తారీఖు పొద్దున్నే కల్యాణికి తలంటి, పాయసం గిన్నె ముందు పెట్టింది. పిల్ల చెంచా పట్టుకుంది గాని తినలేదు. పెరటి గోడకేసి చూస్తోంది.

"తినవేటే?"

"కౌవా అభీ నహీ ఖాయా," అంది. కాకి ఇంకా ముట్టలేదని.

బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈ రోజున కాకి తిన్నాకే తనకి అన్నమని నేర్చుకున్న పిల్ల. ధనమ్మకి దుఃఖం ఆగలేదు. చెంచా అందుకుని మొదటి ముద్ద తనే పిల్ల నోట్లో పెట్టింది.

"కాకికి వచ్చీవారం పెడదాం," అంది. "ఈయేళ నువ్వే ముందు."