పదకొండు కొట్లూ ఒకటేనట

తొమ్మిదేళ్లు మా నెత్తిమీద కూర్చుని "ఈ కొట్లో పైన దేవుడు, కింద నేను" అన్న మనిషి, లేబర్ బోర్డు ముందు సాక్ష్యానికి కూర్చుని "నాదేముందండీ" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

హార్లన్ స్ట్రౌడ్ మా కిరాణా కొట్టు గ్రేబర్ మార్కెట్‌కి మేనేజరు. "కాగితం సంచులు అయిపోయినా హెడ్డాఫీసుని అడగాల్సిందే. మనిషిని పెట్టుకోవాలన్నా, తీసెయ్యాలన్నా ఫోన్ చేస్తాను. వాళ్లు సరేనంటేనే" అన్నాడు, గోడకేసి చూస్తూ. కంపెనీ వకీలు బుద్ధిగా తలాడించాడు.

"చూశావుటే వెర్నా, ఇంట్లో పులి, వీధిలో పిల్లి" అని గొణిగింది మిల్లీ. అదీ నేనూ పక్కపక్క కౌంటర్లలోనే పనిచేస్తాం.

నాకు నవ్వు రాలేదు. మా కొట్లో నలభైమూడు మందిమి. ఇరవైతొమ్మిది మందిమి యూనియన్ కావాలని కార్డుల మీద సంతకాలు పెట్టాం. దాని మీద మా కొట్టు వరకే ఓటు పెడితే గెలుస్తాం. కంపెనీ ఏమంటుందంటే, యంగ్స్‌టౌన్ ఊరి చుట్టూ ఉన్న తన పదకొండు కొట్లూ కలిపి ఒకటేనట, ఓటంటూ పెడితే నాలుగువందల అరవై మందికీ పెట్టాలట. మిగతా పది కొట్లలో మాకు ఒక్క కార్డు లేదు. అందరికీ పెడితే మా సంతకాలు సముద్రంలో ఇంగువ కలిపినట్టే. మేనేజరుకి సొంత అధికారం ఉందని తేలితేనే మా కొట్టు వేరని బోర్డు ఒప్పుకుంటుంది.

అంటే ఏమిటి? ఎవడి పెత్తనం పడలేక యూనియన్ అన్నామో, వాడు నిజంగానే పెద్ద పెత్తందారని మేమే రుజువు చెయ్యాలి. ఎంత ఖర్మ!

మధ్యలో పావుగంట విరామం ఇచ్చారు. యూనియన్ తరఫు మనిషి డ్యూయీ వరండాలోకి వచ్చి మా మొహాలు చూశాడు. "ఓడిపోతున్నాం. ఆయన ఎవర్నీ అడక్కుండా చేసిన పని ఒక్కటి చెప్పండమ్మా. ఒక్కటంటే ఒక్కటి!"

ఉద్యోగాలు ఊడగొట్టిన సంగతులు చెబితే ఫోన్ చేసే ఊడగొట్టానంటాడు. డ్యూటీలు మార్చిన సంగతులు చెబితే పైనుంచి వచ్చిన కాగితం చూపిస్తాడు. మిల్లీ నావైపు చూసి తలొంచుకుంది. దాని మనసులో ఏముందో నాకు తెలుసు.

యాభైతొమ్మిదిలో స్టీలు మిల్లుల సమ్మె జరిగింది. నాలుగు నెలలు మా ఆయన జోకి జీతం లేదు. నేను కడుపుతో ఉన్నాను. ఐదో నెల వస్తే ఆడది ఇంటికెళ్లిపోవాలని కంపెనీ రూలు. స్ట్రౌడ్ నన్ను పిలిచాడు. అయిపోయిందనుకున్నాను. "వెనక గదిలో కూర్చుని బంగాళాదుంపలు సంచుల్లో నింపు. హెడ్డాఫీసు వాళ్లొస్తే బయటికి రాకు" అన్నాడు, అంతే. ఎనిమిదో నెల దాకా నింపాను. ఆ జీతంతోనే మా ఇంట్లో పొయ్యి వెలిగింది. నేను చూడగా ఆ మనిషి చేసిన మంచిపని అదొక్కటే. అదీ నాకు చేశాడు.

"చెప్పవే" అంది మిల్లీ.

"చెబితే ఆయన ఉద్యోగం పోతుందే."

"చెప్పకపోతే మనవి పోతాయి. సంతకాలు పెట్టిందెవరో కంపెనీకి తెలిసిపోయింది. ఒక్కొక్కళ్లనీ ఏరేస్తారు."

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టమంటావా?"

"లెక్కపెట్టు! మా ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారు. వాళ్ల కోసం లెక్కపెట్టు!"

బైబిలు మీద ప్రమాణం చేసి అంతా చెప్పాను. ఆయన కూర్చున్నవైపు చూడలేకపోయాను. కంపెనీ వకీలు ఎగిరిపడ్డాడు. "కట్టుకథ! దీనికి ఒక్క కాగితం లేదు!" అంటూ స్ట్రౌడ్‌ని మళ్లీ పిలిపించాడు.

"ఈవిడ చెప్పింది అబద్ధమే కదా?"

అవునంటే చాలు, ఆయన బతికిపోతాడు. అవునంటే బాగుండునని ఓ పక్క, అనకూడదని ఓ పక్క. దేవుడు నా మొర ఏది వినాలి? స్ట్రౌడ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అబద్ధం కాదు."

"హెడ్డాఫీసుని అడిగే చేశారు కదూ?"

"ఎందుకు అడుగుతాను? నా కొట్టు అది" అన్నాడు, రోజూ మా మీద అరిచే గొంతుతోనే.

మర్నాడు కొట్టు తెరవకముందే హెడ్డాఫీసు నుంచి ఇద్దరు దిగారు. అరగంటలో స్ట్రౌడ్ కోటు చేతిమీద వేసుకుని మా కౌంటర్ల ముందునుంచే బయటికి నడిచాడు. అందరం చూస్తూ నిలబడ్డాం. నేను ఆగలేక కార్ల దగ్గరికి పరిగెత్తాను.

"క్షమించండి మిస్టర్ స్ట్రౌడ్. నాకు వేరే దారి లేకపోయింది."

"యాభై ఎనిమిదేళ్లు వెర్నా నాకు. నన్నెవడు పెట్టుకుంటాడు?" అన్నాడు. తిట్టలేదు. నిజంగానే నన్ను అడుగుతున్నాడు.

ఆరు వారాలకి బోర్డు తీర్పొచ్చింది. మా కొట్టు వేరేనట, ఓటు మా నలభైమూడు మందికేనట. డ్యూయీ నన్ను ఎత్తి గిరగిరా తిప్పినంత పని చేశాడు.

నెల తిరక్కుండా ఓటు పెట్టారు. యూనియన్‌కి ఇరవై, వద్దని ఇరవైమూడు. డ్యూయీ చీటీలన్నీ రెండోసారి లెక్కపెట్టాడు. బయటి కొట్ల వాళ్లు ఒక్కరు లేరు. మమ్మల్ని మేమే ఓడించుకున్నాం.

వెనక గదిలో మిల్లీ చేతులు కడుక్కుంటోంది. "సంతకం పెట్టి మాట తప్పిన ఆ తొమ్మండుగురూ ఎవరే? పేర్లు చెప్పు, కడిగేస్తాను" అన్నాను.

అది వెనక్కి తిరగలేదు. "అంతటివాణ్ణే అరగంటలో గెంటేశారు వెర్నా. ఆ రోజు ఆయన మన ముందునుంచి పోతుంటే చూశాను కదా. నాకు భయమేసిందే."

చెంప పగలగొడదామని చెయ్యెత్తాను. కొట్టలేకపోయాను. దాన్నే పట్టుకుని భోరుమన్నాను. అక్కడ నాకింకెవరున్నారు?