రానివారు

1994 మే 20. పెద్దాపురంలో రైసుమిల్లు బుల్లిరాజు గారి అమ్మాయి పెళ్ళి. ఆవపెట్టిన పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, గుమ్మడికాయ దప్పళం, ఆకుకు రెండేసి పూతరేకులు. అప్పాజీకి పెళ్ళిళ్ళన్నీ అలాగే గుర్తుంటాయి. ముందు తేదీ, తరవాత కూర.

గుర్తుంచుకోవడమే ఆయన వృత్తి. రాజమండ్రిలో ఒక వారపత్రికకు ఇరవై రెండేళ్ళు ‘పందిట్లో’ అనే శీర్షిక రాశారు. గోదావరికి ఇటూ అటూ పెద్దింటి పెళ్ళిళ్ళకు ఎవరొచ్చారు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరు భోంచెయ్యకుండానే కారెక్కారు, అన్నీ రాసేవారు. చివర ఒక్క లైను ఉండేది: ‘రానివారు’. అందులో నిందా ఉండదు, వ్యాఖ్యా ఉండదు. ఒకటో రెండో పేర్లు, అంతే. జనం పత్రిక చేతికి రాగానే ముందు ఆ లైనే చదివేవారు. “వచ్చే గురువారం నాకు జ్వరమండీ అప్పాజీ గారూ, కాస్త నా పేరు రాయకండి” అని ముందుగానే కబురంపిన పెద్దమనుషులున్నారు.

ఆయనకున్న రెండో పిచ్చి బొమ్మలు. మూతబడిన నాటక సమాజాల తెరలు, అద్దం మీద గీసిన దేవుళ్ళు, సోడా కొట్టు బోర్డు మీది నెమలి, ఏదీ వదిలేవారు కాదు. దానవాయిపేటలో ఆయన ఇంట్లో గోడ కనిపించదు. “నా అద్దానికి ఒక్క మేకైనా ఇప్పించండి మహానుభావా” అనేది భార్య చిన్నమ్మాయి. ఆమె పోయి నాలుగేళ్ళయింది. అద్దం ఆ మేకుకే ఉంది.

ఆయన ఎన్నడూ చెయ్యని పనులు రెండు: తెచ్చుకున్న బొమ్మ ఇచ్చెయ్యడం, రాసినదానికి సవరణ వేసుకోవడం.

2005 వానాకాలంలో ఒక ఆడపిల్లల స్కూలు హాల్లో డ్రాయింగ్ టీచర్ల బొమ్మలు పెట్టారు. వాటిలో ‘ఆఖరి బంతి’ అన్నది కొని తెచ్చి, తన కుర్చీకి ఎదురుగా తగిలించుకున్నారు. పెళ్ళిలో భోంచేస్తున్న మనిషి తలవంచుకుంటే ఏం కనిపిస్తుందో అదే బొమ్మ. అరిటాకు, దాని మీద పెరుగు వడ్డిస్తున్న చెయ్యి. పక్క విస్తరి దగ్గర ఎవరో ఆవిడ మణికట్టు, ఆకుపచ్చ ఉప్పాడ చీర అంచు. దూరంగా గేటు దగ్గర, వీపు ఇటు తిప్పి, నోట్‌బుక్కుతో ఒక బట్టతల.

నాలుగో రోజు పొద్దున్న కాఫీ తాగుతూ ఆ చీర గుర్తుపట్టారు. చిన్నమ్మాయిది. ఆ బట్టతల తనదే. వడ్డిస్తున్న చేతికి చూపుడువేలు సగమే ఉంది. మిల్లు బెల్టులో వేలు పోగొట్టుకున్నవారు బుల్లిరాజు గారు.

ఆ పెళ్ళి నుంచి తిరుగు బస్సులో చిన్నమ్మాయి అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. “నా పక్కన ఒకావిడ పెరుగన్నం తింటూ కళ్ళనీళ్ళు పెట్టుకుందండీ.”

“మిరపకాయ తగిలుంటుంది” అన్నారు తను, రాసుకుంటున్న కాగితం మీంచి తలెత్తకుండా. ఆ కాగితం మీద ఉన్నది: ‘రానివారు: పెళ్ళికూతురి మేనత్త.’

మేనత్త అంటే బుల్లిరాజు గారి చెల్లెలు వెంకటదుర్గ. బొమ్మ కింద మూల సంతకమూ ఆ పేరే. ఏసుపాదం మాస్టారిని పెళ్ళి చేసుకుందని అన్నగారు తొమ్మిదేళ్ళు మాట్లాడలేదు. కూతురి పెళ్ళికి మాత్రం శుభలేఖ మీద చెల్లెలి పేరు తన చేత్తో రాసి పంపారు. పత్రికలో ఆ లైను పడ్డాక మళ్ళీ ఆవిడ ఊసెత్తలేదు.

ఆ సాయంత్రమే అప్పాజీ ఆర్యాపురంలో ఆవిడ ఇంటికి వెళ్ళారు.

“వచ్చారా అమ్మా ఆ రోజు?”

“వచ్చానండి. వంటశాల వైపు నుంచి. ముందుకెళ్ళడానికి కాళ్ళు రాలేదు.”

“మరి రాలేదని రాస్తే చెప్పలేదేంటమ్మా?”

“మీరు పేపర్లో వేసేశాక నేను వచ్చానంటే ఎవరు నమ్ముతారండి?” ఆవిడ నవ్వింది. “అన్నయ్యే రాయించాడనుకున్నాను. పిలిచాడు గానీ లెక్కలోకి తీసుకోలేదనుకున్నాను.”

మర్నాడు అప్పాజీ బొమ్మను దుప్పట్లో చుట్టి పెద్దాపురం బస్సెక్కారు. ఈ అన్నాచెల్లెళ్ళను కలపకుండా తను పోతే ఆ తప్పు ఇక దిద్దేవాళ్ళుండరు.

బుల్లిరాజు గారు వీధి అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు.

“ఏంటండీ అప్పాజీ గారూ, మంచం కూడా తెచ్చుకున్నారా, దుప్పటి ఒక్కటేనా?”

అప్పాజీ దుప్పటి విప్పారు. బుల్లిరాజు గారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. తన చెయ్యి ఆ బొమ్మ పక్కన పెట్టి మళ్ళీ చూశారు.

“ఆఖరి బంతికి పెరుగు నేనే వడ్డించాను. మా ఇంట్లో అది ఆనవాయితీ. ఈ ఆకు ఎవరిదండీ?”

“మీ చెల్లెలిదండి. తప్పు నాది. నేను గేటు వైపే చూస్తూ కూర్చున్నాను.”

“మీరు గేటు చూశారు. నేను ఆకులు చూశాను. వడ్డించేవాడు మొహాలు చూస్తాడేంటండీ?” ఆయన కళ్ళజోడు తీసేశారు. “పెరుగు సరిపోయిందో లేదో అడిగానో లేదో కూడా గుర్తులేదు” అన్నారు.

“నేను ఫోన్ చేసి చెప్పనాండీ, రమ్మని?”

“ఒకసారి పిలిచాను, వచ్చింది. ఇప్పుడు వెళ్ళాల్సింది నేను. ఆ బొమ్మ మాత్రం ఇక్కడే ఉంచండి.”

అప్పాజీ కాసేపు బొమ్మలోని ఆకుపచ్చ అంచు చూసుకున్నారు. “ఉంచుకోండి” అన్నారు.

ఇద్దరూ బుల్లిరాజు గారి కారులో ఆర్యాపురంలో చెల్లెలి ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. అప్పాజీ లోపలికి వెళ్ళలేదు. వీధిలో రిక్షాను ఆపి, ఎక్కి కూర్చున్నారు. తెరిచిన తలుపులోంచి ఆకులు వెయ్యడం కనిపించింది. భోజనాల చివర “ఇంకాస్త వెయ్యవే, పెరుగు తక్కువైంది” అన్న బుల్లిరాజు గారి మాటా, ఆవిడ నవ్వూ వినిపించాయి. జేబులో నోట్‌బుక్కుంది. ఆ వారం తన పాత పత్రికకు పంపాల్సిన లైను మనసులోనే సిద్ధమైంది: ‘పదకొండేళ్ళ నాటి సవరణ. మేనత్త గారు వచ్చారు. చూడనిది మేమే.’

“పోనివ్వమంటారాండీ?” అన్నాడు రిక్షా అతను.

“ఒక్క నిమిషం.”

ఏసుపాదం మాస్టారు గుమ్మంలోకి వచ్చారు. అరుగు కింద విడిచిన బావగారి చెప్పులు వానకు తడవకుండా లోపలికి తీసుకుని, చప్పుడు కాకుండా తలుపు వేసి, గడియ పెట్టారు.