పేరు చెప్పు పిన్నీ

ఆగండి, చేతిలో పని కాసేపు పక్కన పెట్టి ఇది వినండి, ఎందుకంటే సాయంత్రంలోపు నేను ఒకావిడకి మాట ఇవ్వాలి, ఇవ్వాలో వద్దో తెలియడం లేదు.

నేను యుగంధర్‌ని, విశాఖలో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ చదివి నరసన్నపేట వైపు ఒక పాత మిషన్ ఆసుపత్రిలో చేరాను. చేరిన వారంలోనే చూశాను, ఆడవాళ్ల వార్డులో రోగుల్ని ఎవరూ పేరుతో పిలవరు, మంచం నంబరుతో అసలే పిలవరు. అందరూ పిన్నులు, అప్పలు, అత్తలే. ఎందుకని హెడ్ నర్సు బేబీ సిస్టర్‌ని అడిగాను.

"మాయమ్మ ఇక్కడే ఆయాగా సేసింది బాబూ. ఈ గుమ్మం దాటి వచ్చినోల్లు మన సుట్టాలే, పరాయోల్లు కారని సెప్పేది. సుట్టాన్ని పట్టుకుని నీ పేరేటని అడుగుతామేటి?"

నాకు ఎంత నచ్చిందో ఆ మాట! అదే వారం ఆ మాటే మా కొంప ముంచబోయింది. కొత్త నర్సు షాలినితో బేబీ సిస్టర్, "తలుపు కాడ పిన్నికి ఇన్సులిన్ ఇచ్చీ" అంది. తలుపు దగ్గరుండేది చిన్నతల్లి, ఆవిడకి షుగరు. కానీ జ్వరంతో చేరిన తాయారమ్మ గాలి కావాలంటే మధ్యాహ్నమే ఇద్దరూ మంచాలు మార్చుకున్నారు. షాలిని సూది తీసి చెయ్యి పట్టుకునేసరికి తాయారమ్మ లేచి కూర్చుంది.

"నాకు సుగరెప్పుడొచ్చిందే, నాకు సెప్పనేదు?"

వార్డంతా నవ్వింది. బేబీ సిస్టర్ మాత్రం నవ్వలేదు, గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

సూపరింటెండెంట్ ప్రకాష్ గారు నన్ను పిలిచారు. సూదైనా మాత్రైనా ఇచ్చే ముందు పూర్తి పేరు అడగాలి, ఆసుపత్రి తనిఖీకి అధికారులు వచ్చేలోపు ఇది అలవాటు కాకపోతే బేబీని వార్డు నుంచి తీసి మందుల స్టోరుకి పంపించేస్తాను అన్నారు. నేను ఎర్ర అక్షరాలతో పోస్టర్లు వేశాను, శిక్షణ పెట్టాను, స్లైడ్లు చూపించాను. నర్సులు చప్పట్లు కొట్టి, నాకు పోస్టర్ల బాబు అని పేరు పెట్టారు. నేను ఎదురుగా ఉంటే పేరు అడిగేవాళ్లు, వెనక్కి తిరిగితే మళ్లీ పిన్నే. ఒకసారి బేబీ సిస్టర్ నా మాట కోసం చిన్నతల్లిని పేరు అడిగింది కూడా. ఆవిడ మొహం చిన్నబోయింది.

"నాలుగు దినాల్నుంచి పిన్నీ పిన్నీ అని నా తల దువ్వినావు. ఇప్పుడు నువ్వెవులంటావేటే?"

బేబీ సిస్టర్ ఆవిడ దుప్పటి సర్ది, కళ్లు తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయింది. ఇక స్టోరుకే అనుకున్నాను నేను.

మర్నాడు పొద్దున్నే వార్డుకి వెళ్లాను. బేబీ సిస్టర్ రోజూలాగే మధ్యలో నిలబడి కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థన చేస్తోంది. "ప్రభువా, తలుపు కాడ పిన్నికి జ్వరం తగ్గించు, కిటికీ కాడ పిన్నికి..."

"ఒసే బేబీ," అంది తాయారమ్మ, నుదుటి మీద అంత బొట్టుతో, మంచం మీంచే. "తలుపు కాడ పిన్ని అంటే మీ దేవుడికేటి తెలుస్తాది? రేపీ మంచం మీద ఇంకోలుంటే నా పున్నెం ఆవిడికి పోద్ది. తాయారని పేరెట్టి అడుగు."

బేబీ సిస్టర్ కళ్లు తెరిచింది. తర్వాత ఒక్కొక్క మంచం దగ్గరికీ వెళ్లి, చెయ్యి పట్టుకుని, "పిన్నీ, పేరు సెప్పు, నీకే సేరాల" అని అడిగి మరీ ప్రార్థించింది. మందుల ట్రే వచ్చాక కూడా అదే మాట, "పేరు సెప్పు పిన్నీ, నీకే సేరాల." ఈసారి చిన్నతల్లి చిన్నబోలేదు, ఇంటిపేరుతో సహా చెప్పింది!

అంతే, నా పోస్టర్ల వల్ల కానిది అయిపోయింది. షాలిని అడిగింది, రాత్రి డ్యూటీ నర్సు ధనలక్ష్మి తన దేవుణ్ణి తలుచుకుని సింహాద్రి అప్పన్నా అనుకుంటూ అడిగింది. ఎవరైనా మరిచిపోతే రోగులే ఊరుకోవడం లేదు, "నా పేరు అడగనేదేటే, నన్ను వదిలీసినావా?" అంటున్నారు. పిన్ని పిన్నిగానే ఉంది, పేరూ వచ్చి చేరింది.

ఇవాళ తనిఖీ. వచ్చినావిడ వార్డంతా చూసి, విని, నన్ను పక్కకి పిలిచింది.

"పేర్లు అడగడం చాలా బాగుంది. కానీ ప్రార్థన ఎందుకు కలిపారు? అది వద్దనుకునే మనిషి జ్వరంతో పడుకుని వద్దని చెప్పగలదా? వార్డులో ప్రార్థన ఆపించి పేరు మాత్రం అడిగిస్తానని సాయంత్రంలోపు మాట ఇవ్వండి."

ఆవిడ చెప్పింది తప్పని నేను అనలేను. బేబీ సిస్టర్‌కి చెప్పాను. ట్రేలో సూదులు సర్దుతూ వింది.

"ప్రార్థన మనసులో సేసుకుంటాను బాబూ, దేవుడికి వినబడతాది. గాని ఆ పేరు నానెందుకు అడుగుతన్నానో నాకే తెలీకుండా పోతే, ఏదో పూట మరిసిపోతానేమో. అప్పుడు నువ్వు మల్లీ పోస్టర్లెయ్యాల."

నవ్వి, ట్రే తీసుకుని చిన్నతల్లి మంచం వైపు వెళ్లింది. "పేరు సెప్పు పిన్నీ." తనిఖీ ఆవిడ వరండాలో కూర్చుని ఉంది. మాట ఇస్తే బేబీ సిస్టర్ వార్డులో ఉంటుంది, ఆ ప్రార్థన ఉండదు. ఇవ్వకపోతే తనిఖీలో తప్పుతాం, ప్రకాష్ గారు బేబీ సిస్టర్‌నే స్టోరుకి పంపించేస్తారు. మీరైతే ఏం చేస్తారు?